ఏడో బుట్ట దారిలో తడి దుప్పటి

ఇలా రా తల్లీ, నా పక్కకి జరుగు. చెవుల్లో ఆ తీగలు తీసి ఒళ్లో పెట్టుకో. రేపు నువ్వు ఆ మైదానానికి ఆటకి వెళుతున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్ళు, వద్దనను. నేను వద్దంటే మాత్రం ఆగే రకమా మీరు? కానీ వెళ్ళేముందు మీ అక్క చేతులకి జరిగింది విని వెళ్ళు. గొంతెత్తి చెప్పే సంగతి కాదు, అందుకే దగ్గరికి రమ్మన్నాను.

మీ అక్క, అంటే నా పెద్ద మనవరాలు, ఆ పళ్ళేల ఆట పట్టుకున్న కొత్తల్లో నేను నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది. దాన్ని డిస్క్ గోల్ఫ్ అంటారట. గోల్ఫ్ అంటే కలిగినవాళ్ళు కర్రతో బంతిని కొట్టడమని విన్నాను. ఇందులో కర్రా లేదు, బంతీ లేదు. పళ్ళెమంత ప్లాస్టిక్ బిళ్ల ఒకటి, దాన్ని డిస్క్ అంటారు. సిమెంటు అరుగు మీద నిలబడి దాన్ని విసరాలి. చెట్లూ పొదలూ తప్పించి, దూరాన స్తంభానికి బిగించిన ఇనుప బుట్టలో పడెయ్యాలి. బుట్ట మీద గొలుసులు వేలాడుతుంటాయి. డిస్క్ వాటికి తగిలి ఝల్లుమని బుట్టలోకి జారుతుంది. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళదే గెలుపు. "దీనికోసం ఎండన పడి తిరగాలా, ఇంట్లో బాల్చీ లేదూ?" అన్నాను. "ఒక్కసారి ఆ గొలుసుల చప్పుడు విను అమ్మమ్మా, ఆ తర్వాత మాట్లాడు" అంది. విన్నాను. నిజం చెప్పొద్దూ, బావుంది.

అది ఆడి ఆడి ఎంత ఆరితేరిందంటే, ఎక్కడ కొత్త కోర్సు, అంటే ఈ బుట్టలు పాతిన ఆటస్థలం, తెరిచినా ఆటగాళ్ళ సంఘంవాళ్ళు ముందు దీన్నే పంపేవారు. ఆడి చూడాలి. ఏ బుట్ట న్యాయంగా ఉంది, ఏది అన్యాయం, పిల్లలు ఆడగలరా, దారిన పోయేవాళ్ళ నెత్తిన పడుతుందా, అన్నీ చూసి చెప్పాలి. ఇది ఊఁ అంటేనే అక్కడ పోటీలు. మిగతా రోజుల్లో పిల్లలకి విసరడం నేర్పేది. చేతులే దాని పొలం, చేతులే దాని పంట. ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాతి కష్టం నీకు తెలుస్తుంది.

ఆటలో దాని జతగాడు ఒక లెక్కల మాస్టారు. ఉద్యోగం అయిపోయాక ఈ ఆటలో పడ్డ మనిషి. మోకాలు సరిగ్గా వంగదు, నోరు మాత్రం ఎటైనా వంగుతుంది. బాగా ఆడేవాళ్ళకి ఎలా ఉంటుందో మీ అక్క చూస్తుంది, నాలాంటివాళ్ళకి ఎలా ఉంటుందో ఈయన చూస్తాడు. అదీ వాళ్ళ ఒప్పందం.

ఆ కొత్త కోర్సు ఎక్కడ వేశారో చెప్పగానే నేనూ వస్తానన్నాను. "అంత దూరం నడవలేవు అమ్మమ్మా" అంది. "నడవను, కూచుంటాను. మడత కుర్చీ పట్టుకురా. అక్కడ నేను పని చేశానే" అన్నాను. అప్పటిదాకా దానికి ఆ సంగతి తెలీదు. నన్నెవరు అడిగారు గనక చెప్పడానికి?

అక్కడ ఒకప్పుడు జ్వరాల ఆసుపత్రి ఉండేది. దాని వెనక బట్టలుతికే షెడ్డు, షెడ్డు వెనక ఆరేసే మైదానం. ఇనుప స్తంభాలకి తీగలు లాగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసలు వరసలుగా దుప్పట్లు ఆరేసేవాళ్ళం. నాకప్పటికి ఇంకా రెండు జడలు. తొట్టిలో నీలిమందు కలపడం నా పని. మోచేతుల దాకా నీలిగా ఉండేదాన్నని అందరూ 'నీలిపిల్ల' అనేవారు. ఇప్పుడు ఆసుపత్రి లేదు, షెడ్డు లేదు, స్తంభాలూ పీకేశారు. గడ్డి పెంచి, చెట్లు నాటి పార్కు చేశారు. ఆ పార్కులోనే ఈ బుట్టలు పాతారు.

వెళ్ళిన రోజు మబ్బులేని ఎండ. నన్ను మెల్లగా నడిపించి ఒక్కో అరుగు వెనకా కుర్చీ వేశారు. మొదటి బుట్ట పిల్లలకి సరిపోతుందంది మీ అక్క. అరుగు మీద కాలు జారదు, దారి వెడల్పు, గురి కనబడుతుంది. మూడో దాని దగ్గర మొహం ముడుచుకుంది. పొద చాటున నడిచేవాళ్ళ బాట ఉంది, విసిరేవాళ్ళకి కనబడదు.

"ఇక్కడ ఎవడి ముక్కో పగులుతుంది మాస్టారూ."

"నాలాంటివాడు విసిరితే పగలదమ్మాయ్. అంత దూరం పోతేగా."

"మీరు విసిరితే వెనకాల కూచున్న అమ్మమ్మ ముక్కు పగులుతుంది."

"బామ్మగారూ, వింటున్నారా? పెద్దాణ్ణి పట్టుకుని ఎన్ని మాటలంటోందో!"

"వింటున్నాను మాస్టారూ. అందుకే కుర్చీ ఇంకాస్త వెనక్కి వేసుకున్నాను" అన్నాను.

ఐదో బుట్ట వాలు మీద పెట్టారు. గొలుసులకి తగలని డిస్క్ అంచు మీద నిలబడి, చక్రంలా దొర్లుకుంటూ దిగువకి పోయింది. మాస్టారు దాని వెంట కుంటుతూ పరిగెత్తడం చూసి నవ్వలేక చచ్చాం. అది అన్యాయం కాదట, ఆటలో గమ్మత్తట. ఇలా నవ్వుకుంటూ ఏడో అరుగు దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది.

ఏడోది ఏమీ లేని బుట్ట. చెట్టు లేదు, పొద లేదు, గుంట లేదు. కత్తిరించిన గడ్డి, చివర బుట్ట, దాని వెనక పాత గోడ ముక్క. నాకు ఆ గోడ తెలుసు. అది ఆరేసే మైదానానికి ఆ చివర.

"కళ్ళు మూసుకుని విసరొచ్చు. నిద్రొస్తోంది" అన్నాడు మాస్టారు.

మీ అక్క విసిరింది. డిస్క్ చక్కగా, గీత గీసినట్టు వెళ్ళింది. సగం దారిలో ఆగిపోయింది. చెట్టుకి తగిలితే పక్కకి ఎగురుతుంది కదా, ఇది ఎగరలేదు. గాలికైతే ఊగుతుంది, ఇది ఊగలేదు. మెత్తని దాన్ని దేన్నో గుద్దుకున్నట్టు ఆగి, నిట్టనిలువునా జారి పడింది. ఇంకోటి విసిరింది. అక్కడే ఆగింది, అలాగే జారింది. మాస్టారు విసిరినా అంతే.

"ఎదురుగాలేమో" అన్నాడు. ఆకు కదలడం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

వెళ్ళి డిస్కులు ఏరుకుంది. "అమ్మమ్మా, తడిగా ఉన్నాయి!" అని అక్కణ్ణుంచే అరిచింది. పొడి గడ్డి మీద పడ్డ డిస్కులు తడిగా ఉన్నాయి. తర్వాత నా చేతికిస్తే వాసన చూశాను. చాకలి సోడా వాసన, దాని కింద సన్నగా నీలిమందు. ముసలిముక్కు, దానికి పాత వాసనలే తగులుతాయిలే అనుకున్నాను.

మళ్ళీ అరుగు మీదకొచ్చి, ఈసారి ఎత్తుగా విసిరింది. ఆ డిస్క్ కింద పడలేదు. సగం దారిలో, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తున, గాలిలో వేలాడింది.

ఈ ఆటగాళ్ళకి ఒక అలవాటు ఉంది తల్లీ, నీకూ వచ్చే ఉంటుంది. కొమ్మల్లో డిస్క్ చిక్కుకుంటే కిందికెళ్ళి, ఏం పట్టుకుందో చూడకుండానే చేతులు పైకి చాపి లాగేస్తారు. డిస్క్ పోతే ప్రాణం పోయినట్టు వాళ్ళకి. మీ అక్క కూడా ఏ సాలెగూడు దారానికో చిక్కుకుందనుకుని, నడుస్తూనే రెండు చేతులూ ఎత్తి, డిస్క్‌కి అటూ ఇటూ పట్టుకుని లాగింది. డిస్క్ గడ్డిలో పడింది. దాని చేతులు మాత్రం దిగలేదు. రొమ్ముకి ఎదురుగా, బారెడు ఎడంగా, పిడికిళ్ళు బిగించి అలాగే నిలబడిపోయింది. కుర్చీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. అలా చేతులు పెట్టుకుని నిలబడే మనుషుల్ని నేను ఒక్కచోటే చూశాను. ఆ చోటు అదే.

మాస్టారు వెళ్ళి భుజం తడితే ఉలిక్కిపడి చేతులు దించింది. "తిమ్మిరెక్కింది" అంది. మిగిలిన బుట్టలు ఆడలేకపోయారు. విసిరితే డిస్క్ చేతిని వదిలిపెట్టలేదు. వదలాల్సిన చోట వేళ్ళు విడవక, ఆలస్యంగా వదిలి, ఎటో పక్క పొదల్లోకి పోయింది.

"నరం పట్టేసింది. రేపటికి సర్దుకుంటుందిలే" అన్నాడు మాస్టారు. అందరికీ అప్పుడప్పుడూ అవుతుందట.

సర్దుకోలేదు. కాఫీ గ్లాసు పట్టుకుంటే వదలదు. తలుపు గడియ పట్టుకుంటే నేనెళ్ళి వేలూ వేలూ విడదియ్యాలి. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో చేతులు పెట్టించాను, నూనె రాసి మర్దనా చేశాను. డాక్టరు ఫొటోలు తీయించి, ఎముకా నరమూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. భేషుగ్గా ఉన్న చేతులతో అది అన్నం కలుపుకోలేకపోయింది. పిల్లలకి నేర్పడం ఆపేసింది. కోర్సు మీద మాట ఎప్పుడు చెబుతావని సంఘంవాళ్ళు ఫోన్ చేస్తే, చెబుతానని పెట్టేసేది.

అంతకన్నా భయం ఇంకోటి. రోజూ ఎండ వాలే వేళకి, ఉన్నచోటే నిలబడి చేతులు చాపేది. పిడికిళ్ళు బిగిసేవి. మొహం ఎప్పుడూ ఆ మైదానం దిక్కుకే. తర్వాత ఎవరో అవతలి నుంచి మెల్లగా లాగినట్టు ఒక అడుగు ముందుకి, ఆగి మళ్ళీ ఇంకో అడుగు. ఒకరోజు వంటింట్లో అలా నడుస్తూ గోడకి తగిలింది. తగిలినా ఆగలేదు. నుదురు గోడకి ఆనించి, ఇంకా ముందుకి పోవాలని కాళ్ళు నేలని రాస్తూనే ఉన్నాయి. నేను నడుం పట్టుకుని వెనక్కి లాగితే ఏడ్చేసింది.

"అమ్మమ్మా, నన్నెవరో పట్టుకున్నట్టు లేదే. నేనే ఎవరిదో ఏదో పట్టుకున్నట్టుంది. వదిలితే తప్పని అనిపిస్తోంది. ఎందుకే తప్పు?"

ఆ ఒక్క మాటతో నాకు మొదలూ చివరా తెలిసిపోయింది. పొయ్యి కట్టేసి, దాన్ని కూచోబెట్టి చెప్పాను. నీకూ అదే చెబుతున్నాను, విను.

ఆసుపత్రి దుప్పటి ఇంట్లో దుప్పటి లాంటిది కాదు. మందం, బరువు, మనిషికి రెండింతల పొడవు. ఒక్క మనిషి మడవలేదు. ఎండాక తీగ మీంచి దింపి ఇద్దరు పట్టుకోవాలి, చెరో రెండు కొనలు. వెనక్కి నడిచి బిర్రుగా లాగాలి. ఒక్కసారి ఫట్‌మని దులపాలి. కొనా కొనా కలిపి ఒకరికొకరు ఎదురు నడవాలి. మధ్యలో కలిశాక ఒకరు తన కొనలు రెండోవాళ్ళ వేళ్ళకి అప్పగించి, వంగి కింది మడత అందుకోవాలి. అప్పగించేదాకా కొన వదలకూడదు. వదిలితే దుప్పటి మట్టిలో పడుతుంది, మళ్ళీ మరిగించి ఉతకాలి. జ్వరాల ఆసుపత్రి కదా, మట్టి తగిలిన దుప్పటి రోగి కిందకి వెళ్ళడానికి వీల్లేదు. పనిలో చేరిన రోజున ముందు నేర్పేది అదే. పట్టిన కొన వదలకు.

మడత పెట్టే జంటల్లో పొడుగక్క, పొట్టక్క అని ఇద్దరుండేవారు. ఒకరు తాటిచెట్టు, ఒకరు రోకలిబండ. వాళ్ళు పట్టుకుంటే దుప్పటి ఎప్పుడూ ఏటవాలే. సూపర్వైజరమ్మ రోజూ తిట్టేది.

"మీ ఇద్దర్నీ ఎవరు జత కట్టారే? దుప్పటి మీద పిల్లలు జారుడుబల్ల ఆడుకోవచ్చు!"

"నేను వంగుతున్నానమ్మా, ఇదే ఎదగట్లేదు" అనేది పొడుగక్క.

"ఎదిగి ఏం చెయ్యను, నీలాగా ప్రతి గుమ్మానికీ నెత్తి కొట్టుకోనా?" అనేది పొట్టక్క.

వాళ్ళకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఒకే గదిలో ఉండేవారు, ఒకే గిన్నెలో తినేవారు. పొద్దస్తమానం పోట్లాట. పోట్లాట లేని రోజున మాకు తోచేది కాదు.

ఒకరోజు ఎండ వాలే వేళ, చివరి వరస మడతపెడుతూ పొట్టక్క ఉన్నట్టుండి కూలబడింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దాని చేతిలో కొనలు మట్టిలో పడ్డాయి. వార్డువాళ్ళు వచ్చి స్ట్రెచరు మీద తీసుకుపోయారు. పొడుగక్క మాత్రం తన వైపు కొనలు వదల్లేదు.

"నేను పట్టుకుంటానులే అక్కా" అని వెళ్ళాను.

"నీతో కుదరదే నీలిపిల్లా. అది వచ్చి పట్టుకుంటుంది. సూది పొడిచి పంపిస్తారు, ఎంతసేపని" అంది.

పొట్టక్క రాలేదు. ఏమయిందని అడిగితే సెలవులో ఉంది, వచ్చేస్తుందనేది సూపర్వైజరమ్మ. మేమూ నమ్మాం. పొడుగక్క మిగతా దుప్పట్లు ఎవరితోనైనా మడిచేది. చివరిదొకటి మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. రెండు కొనలు పట్టుకుని, అవతలి కొనలు తీగకి తగిలించి, ఆసుపత్రి తలుపుకేసి చూస్తూ నిలబడేది. చీకటి పడబోతుంటే అప్పుడు దింపి, ఒంటిచేత్తో చుట్ట చుట్టుకుని లోపలికొచ్చేది. ఒకనాడు పెద్ద వాన వచ్చింది. అందరం షెడ్డులోకి పరిగెత్తాం. అది రాలేదు. "రావే, తడిసి చస్తావు" అని అరిస్తే, "ఇప్పుడొదిలేస్తే అది వచ్చి నన్ను తిడుతుంది" అంది. వాన వెలిశాక చూస్తే నేల మీద పడి ఉంది. దానికీ జ్వరం అంటుకుంది. పిడికిళ్ళు విడదియ్యలేక కొనలు కత్తెరతో కోసి దాన్ని లోపలికి మోసుకెళ్ళారు. తిరిగి రాలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి, ఆసుపత్రి మూసేసేటప్పుడు, వార్డు తుడిచే ఆవిడ నాతో అంది. పొట్టక్క పడిపోయిన ఆ సాయంత్రమే పోయిందట. జ్వరంతో పనివాళ్ళు పోతే ఆ మాట షెడ్డులో చెప్పకూడదని పైవాళ్ళ ఆజ్ఞ అట. చెబితే మిగతావాళ్ళు పని వదిలి పారిపోతారని. మాకెవరికీ తెలీదు. పొడుగక్కకి అసలే తెలీదు.

ఇదంతా విని మీ అక్క తన పిడికిళ్ళకేసి చూసుకుంది. తర్వాత, "అయితే నేను లాగింది పొట్టక్క కొనలా?" అంది.

"అవునే. మట్టిలో పడ్డ కొనలు. నువ్వు పట్టుకున్నావు, ఇక మడతకి రమ్మని పొడుగక్క అవతలి నుంచి లాగుతోంది."

"రమ్మంటే ఎక్కడికి?"

జంట ఎదురెదురుగా నడిచి ఒకచోట కలవాలి కదా. పోయిన మనిషి, ఉన్న మనిషి, ఎక్కడ కలుస్తారు? ఆ మాట పైకి అనలేక, "మాస్టారికి ఫోన్ చెయ్యి, కుర్చీ తెమ్మను" అన్నాను.

మాస్టారు వచ్చాడు. అంతా విని నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "లెక్కకి అందనిది లేదని పిల్లలకి జీవితమంతా చెప్పాను బామ్మగారూ. ఈ వయసులో నా పరువు తీయకండి" అని మాత్రం అన్నాడు. అన్నాడే గాని, కుర్చీ అప్పటికే కారులో పెట్టుకొచ్చాడు.

మేం వెళ్ళేసరికి కోర్సులో జనం ఉన్నారు. మొదటి బుట్ట దగ్గర పిల్లల గోల, గొలుసుల చప్పుడు. ఏడో దాని దగ్గర మాత్రం ఎవరూ లేరు. విసుగు బుట్టని అందరూ దాటేసి పోతున్నారట. ఎండ వాలుతోంది. మీ అక్క చేతులు వాటంతటవే లేచాయి. అడుగు పడింది, ఇంకో అడుగు. ఇక్కడ ఆపడానికి గోడ లేదు. మాస్టారు నడుం పట్టుకుంటే ఆయన్ని కూడా ఈడ్చుకుపోతోంది.

నేను నా చేతికర్ర పారేసి, దాని వెనక నిలబడి, రెండు వైపుల నుంచీ చేతులు పోనిచ్చి, దాని పిడికిళ్ళ మీద నా చేతులు వేశాను. వేసీ వెయ్యగానే నాకూ తెలిసింది. తల్లీ, కంటికి ఏమీ లేదు. గడ్డి, బుట్ట, గోడ, అంతే. చేతికి మాత్రం తడి గుడ్డ. మందంగా, బరువుగా, నీళ్ళు కారుతూ. అవతల ఎవరో బిర్రుగా పట్టుకుని ఉన్నారు. అవతలి వైపు ఎత్తుగా, మా వైపు పల్లంగా, దుప్పటి ఏటవాలుగా ఉంది.

ఫట్‌మని దులిపింది. నీటి తుంపర మా మొహాల మీద పడింది. మాస్టారు ఒక చెయ్యి దాని నడుం మీదే ఉంచి, కళ్ళజోడు తుడుచుకుంటూ దేవుణ్ణి తలుచుకోవడం నాకు వినబడింది. కొనలు కలిశాయి. నడక మొదలైంది. మేం ఒక అడుగు, అవతల ఒక అడుగు. దుప్పటి మధ్యలో కిందికి జారి, గడ్డిని ఒరుసుకుంటున్న చప్పుడు దగ్గరవుతోంది. చల్లని వేళ్ళు వచ్చి మా వేళ్ళకి తగిలాయి. నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళు. అప్పగించాలి ఇక. మీ అక్క వేళ్ళు విడలేదు. ఆ చల్లని వేళ్ళు కొనల్ని వదలకుండానే దాని మణికట్టు మీదికి పాకాయి. తడుముతున్నాయి. తనకి తెలిసిన చెయ్యి అవునా కాదా అని చూస్తున్నట్టు.

"అమ్మమ్మా" అంది మీ అక్క. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

అప్పుడు నేను మాట్లాడాను.

"పొడుగక్కా, నేనే, నీలిపిల్లని. ఇది నా మనవరాలు. నీ జంట కాదు, దీన్ని వదులు. నీకెవరూ చెప్పలేదు, నాకు తెలిసేసరికి నువ్వు లేవు. పొట్టక్క రాదు అక్కా. ఆ సాయంత్రమే పోయింది. నువ్వు కొనలు పట్టుకుని తలుపుకేసి చూస్తున్నప్పుడే లోపల పోయింది. నిన్ను తిట్టడానికి కూడా రాదు. ఇక వదిలెయ్. మట్టిలో పడనీ. ఉతకాల్సినవాళ్ళం ఎవరం లేం."

ఆ వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత దుప్పటి ఒక్కసారిగా అవతలికి లాగుకుంది. ఎంత బలంగా అంటే, మేం ముగ్గురం ముందుకి తూలి గడ్డి మీద పడ్డాం. చావుకబురు విన్నవాళ్ళు చేతిలో ఉన్నదాన్ని గుండెకి హత్తుకుంటారే, అలాంటి లాగుడు. గడ్డి మీద మా ముందు మనిషి వెడల్పున తడి గీత పడింది. గోడ దాకా పోయింది. గోడ దగ్గర ఆగలేదు, గోడ మీద కూడా తడి చార కనబడింది.

మీ అక్క కూచుని చేతులు చూసుకుంది. పిడికిళ్ళు విడి ఉన్నాయి. అరచేతులు తెల్లగా నాని, నేత గుర్తులు పడి ఉన్నాయి. వేళ్ళు మూసింది, తెరిచింది. మళ్ళీ మూసింది, తెరిచింది. తర్వాత సంచిలోంచి డిస్క్ ఒకటి తీసి, అరుగు దగ్గరికి నడిచి విసిరింది. చేతిని వదిలి సూటిగా వెళ్ళింది. గొలుసులు ఝల్లుమన్నాయి.

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్క విసురుకే! ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ పడలేదు" అన్నాడు. నవ్వాం. నవ్వు మధ్యలో అది వినబడింది.

ఫట్.

గోడ వైపు కాదు, మా ఎడమ పక్క నుంచి. కాసేపాగి ఇంకోటి, దూరంగా, చెట్ల మధ్య నుంచి. ఇంకోటి మా వెనక, మేం ఆడుతూ దాటివచ్చిన దారిలో.

"గాలి బామ్మగారూ" అన్నాడు మాస్టారు.

"అవును మాస్టారూ, గాలే" అన్నాను.

ఆయన ముందు అలా అన్నాను గాని, తల్లీ, నాకు తెలుసు. ఆ మైదానంలో ఒక్క తీగ కాదు. ఎన్ని వరసలు, ఎన్ని జంటలు! జ్వరం అందర్నీ జంటగా తీసుకుపోలేదు. ఒకర్ని తీసుకుని ఒకర్ని వదిలేసింది. ఎవరికీ ఏ కబురూ చెప్పలేదు. సెలవులో ఉంది, వస్తుంది అన్నారు. అలా నమ్మి కొనలు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో నేను చెప్పగలిగింది ఒక్క పొడుగక్కకి.

మీ అక్క సంఘంవాళ్ళకి తన మాట చెప్పింది. మూడో బుట్ట దగ్గర నడిచే బాట మార్చమంది. మిగతాదంతా బాగుందంది. ఎండ వాలేలోపు ఆట ముగించాలని మాత్రం పట్టుబట్టింది. కోర్సు గీసినాయన ఎందుకని అడిగితే, ఆ వేళకి ఎండ కళ్ళలో పడుతుందని చెప్పింది. అబద్ధమే. నిజం చెబితే బుట్టలు పీకేసి అక్కడ ఇంకేదో కడతారు, కట్టే మేస్త్రీలు చేతులు చాపరా? ఆటగాళ్ళకైతే చెప్పుకోవచ్చు, వాళ్ళు వింటారు అంది. ఇప్పుడు తన దగ్గర నేర్చుకునే ప్రతి పిల్లకీ చెబుతోంది. సగంమంది నవ్వుతారట. నవ్వనీ.

నువ్వు నవ్వకు. రేపు నీ డిస్క్ ఏమీ లేనిచోట ఆగిపోతే, జారి పడితే, తడిగా ఉంటే, తుడుచుకుని పక్కకి తప్పుకో. గాలిలో వేలాడితే లాగకు. డిస్క్‌దేముంది, ఇంకోటి కొనిస్తాను. అలవాటు కొద్దీ లాగేశావే అనుకో, చేతికి తడి తగిలిందే అనుకో, బెదరకు, గింజుకోకు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మెల్లగా, చావుకబురు చెప్పాల్సిన పద్ధతిలో చెప్పు. "ఆవిడ రాదమ్మా. ఆ రోజే పోయింది. నీకు చెప్పకుండా దాచారు. ఇక వదిలెయ్" అను. అని, ఆవిడ ఏడవడానికి కాస్త టైమివ్వు.

నా కాళ్ళు ఇక అంత దూరం రావు. నేను పోయాక ఆ కబురు ఎవరు చెబుతారు వాళ్ళకి? ఈ మాటలు ఒకసారి నాకు తిరిగి చెప్పు, తప్పు పోకుండా. ఆ తర్వాత నీతో ఆడేవాళ్ళకి చెప్పు. వాళ్ళని ఇంకొకరికి చెప్పమను.